సగం గడ్డం

ఎడమ చెంప గీయడం పూర్తయ్యేసరికి నా నడుము పట్టేసింది. కత్తి పక్కన పెట్టి, మాస్టారు కూర్చున్న కుర్చీనే పట్టుకుని నిలబడ్డాను.

ఈ నొప్పికి ఏడేళ్ళు. షాపుకొచ్చే ఎవరికీ తెలియనివ్వలేదు. మా ఆవిడ కొన్న చక్రాల స్టూలు ఆరు నెలలుగా కర్టెన్ వెనక తువ్వాళ్ళు మోస్తోంది. కూర్చుని గీస్తే, వీడి పని అయిపోయిందంటారని నా భయం. ముఖ్యంగా ఈ మాస్టారు. దువ్వెన వంకరగా పెట్టినా ఊరుకోరు.

ఇక ఓపిక లేదు. తువ్వాళ్ళు తీసేసి, స్టూలు లాక్కుని కూలబడ్డాను. చక్రాలు కీచుమన్నాయి.

మాస్టారు కళ్ళు తెరవలేదు. "కూర్చున్నావా?" అన్నారు.

"నడుము, మాస్టారూ. ఇక నావల్ల కావడం లేదు."

"అయితే నేను కాస్త కిందికి జారొచ్చా?"

నాకు అర్థం కాలేదు.

"నువ్వు వంగలేకపోతున్నావని ఏడేళ్ళుగా నిక్కి నిక్కి కూర్చుంటున్నానయ్యా. నా మెడ పోయింది."

ఆయన మెల్లగా కుర్చీలోకి జారారు.

"అమ్మయ్య" అన్నాం, ఇద్దరం ఒకేసారి.