మన రేవు

"ఆపేద్దామనుకుంటుండా," అన్నాడు బెన్హర్.

ఆదివారం ఆరాధన ముగిసింది. చర్చి ముందు పందిట్లో టీ తాగుతున్నవాళ్లు గ్లాసులు దించారు. కోట ఊరి బజారులో సెల్‌ఫోన్లు బాగుచేసే బెన్హర్ సంఘంలో లేచి మాట్లాడే మనిషి కాదు.

అతను ఆపుతానన్నది 'మన రేవు'ని. లాక్‌డౌన్‌లో ఊరివాళ్ల ఫోన్ గ్రూపును కంపెనీ కారణం చెప్పకుండా మూసేసింది. అప్పుడు బెన్హర్ షాపు వెనక గదిలో ఒక పాత కంప్యూటర్‌ను సర్వరుగా మార్చి, ఊరికి సొంత పేజీ తెరిచాడు. పైన ఏ కంపెనీ పెత్తనమూ లేదు. ఇలాగే సొంత సర్వర్లు పెట్టుకున్న వేరే ఊళ్లవాళ్లు తమ పేజీల్లోంచే వీళ్లను పలకరించేవాళ్లు. రొయ్యల ధర, పడవల రాక, పెళ్లి కబురు, ప్రార్థన మనవి అన్నీ అక్కడే. సంఘంలోని రెజీనా తండ్రి చిన్నపోలయ్య చూపు తగ్గి టైపు చేయలేక, పాటలు పాడి రికార్డు చేసి పెట్టేవాడు. ఆయన పోయాక ఆ గొంతు మిగిలింది అక్కడొక్కచోటే.

బెన్హర్ తన కష్టం చెప్పుకున్నాడు. ఉప్పుగాలికి లోపలి బోర్డులు తుప్పు పడతాయి. కరెంటు పోతే బ్యాటరీ చాలదు. దొంగ ఖాతాలు ఏరేయాలి. ఏరకపోతే మిగతా సర్వర్లు మనల్ని వెలేస్తాయి. ఇదంతా చేసేది ఒక్కడే.

"మీరు ఊ అంటే ఇంతటితో చాలిస్తా," అన్నాడు.

రెజీనా లేచింది.

"మా నాయన గొంతు ఇంక యాడ వినేది అన్నా? పొద్దున రొయ్యల ఫ్యాక్టరీకి పోయే ముందు ఒక పాటన్నా వినందే గడప దాటను నేను."

"రోజూనా, అమ్మా?"

"రోజూ."

బెన్హర్ తల దించుకున్నాడు.

జడ్సన్ అందుకున్నాడు. అతనికి తోటపల్లి గూడూరు దగ్గర రొయ్యల గుంటలున్నాయి. మొన్న కూడా ధర అందులోనే చూసుకున్నానన్నాడు. తర్వాత ఒక్కొక్కరూ తలచుకుంటూ పోయారు. పడవలు ఒడ్డునే ఉండిపోయిన ఆ నెలల్లో ఎవరింట్లో బియ్యం ఉన్నాయో ఎవరింట్లో లేవో అందులోనే తెలిసేది. చిన్నపోలయ్య పాట పెడితే ఎవరి గుమ్మంలో వాళ్లు కూర్చుని ఫోన్లలో విని, పల్లవి అందుకునేవాళ్లు. ఒకావిడ ఆ పల్లవి ఇప్పుడు పాడింది. నలుగురు గొంతు కలిపారు.

పాస్టరు గారు సంఘం పద్ధతి ప్రకారం, ఆపమనేవాళ్లను చేతులెత్తమన్నారు. ఒక్క చెయ్యీ లేవలేదు. ఉంచమనేవాళ్లను అడిగితే పందిరంతా చేతులే. రెజీనా రెండూ ఎత్తింది.

"రెండు ఓట్లు చెల్లవు, అక్కా," అన్నాడు జడ్సన్.

అందరూ నవ్వారు.

"చూసినావా అబ్బాయ్? ఇంతమందికి అది లేకపోతే పొద్దు గడవదు," అన్నారు పాస్టరు గారు.

బెన్హర్ ఏదో చెప్పబోయి, రెజీనా ముఖం చూసి మానుకున్నాడు.

"సరే, ఆపన్లే," అన్నాడు.

నిరుటి తుపానుకే ఆ సర్వరు మునిగి పాడైపోయింది; అప్పట్నుంచీ 'మన రేవు' తెరుచుకోనే లేదు.