ముఖం సరిపోలలేదు

ఊరికి కొత్తగా వచ్చిన కోటేశ్వరి సెల్లు ముందు మూడోసారి కళ్లు ఆర్పింది. "ముఖం సరిపోలలేదు" అంది యాప్.

"ఆ కొంగు తియ్యవే" అని కసిరింది అంగన్‌వాడీ టీచర్ మహాలక్ష్మి.

తీస్తే ఎడమ చెంప ఉబ్బి, కన్ను సగం పూడుకుపోయి ఉంది.

"పన్ను నొప్పి టీచరక్కా. వాపు తగ్గినాక వస్తాలే."

"కడుపుతో ఉండి తిండి మానతావా? ఒంట్లో చుక్క రక్తం లేదు. ముఖం కుదరకపోతే ఓటీపీ ఉందిగా, గుడ్లూ పాలూ ఇచ్చేస్తా." నొక్కేసింది. "మీ ఆయన ఫోనుకి పోయింది. అడుగుదాం."

"వద్దక్కా! ఆయనకి ఫోన్ చెయ్యమాక!"

"మొగుడి దగ్గర సిగ్గేందే?" అంటూనే మహాలక్ష్మి నంబరు కొట్టింది. "బాబూ, గురజాల అంగన్‌వాడీ నుంచి. మీ ఆవిడ ఈడనే ఉంది. ఓటీపీ వచ్చిందేమో చూడు."

అటుపక్క నుంచి అతను అంకెలు నిదానంగా, మర్యాదగా చెప్పాడు. తెర మీద పచ్చ టిక్కు పడింది.

"గురజాలలో ఉందా మేడం? వారం నుంచి వెతకని ఊరు లేదు. దాన్ని ఆడనే కూర్చోబెట్టండి, బండి తీస్తన్నా."

మహాలక్ష్మి తలెత్తింది. కోటేశ్వరి లేదు. గుమ్మం బయట ఆమె చెప్పులు మాత్రం ఉన్నాయి.