హెస్టరమ్మ కూర్చోలేదు

“ఇల్లు కాలుతుంటే అప్పుడు బావి తవ్వుకుందామంటావా హెస్టరమ్మా?” అని లోర్నా నిలదీసింది.

హాలంతా గొల్లున నవ్వింది. ఎనభయ్యొక్కేళ్ళ హెస్టర్ కిమ్‌బాల్ చేతికర్ర మీద బరువు మోపి తీరిగ్గా లేచింది. “బావి వద్దని నేననలేదే తల్లీ. దానికి బంగారు గిలక ఎందుకంటున్నా.”

ఈసారి నవ్వు ఇంకా పెద్దగా వచ్చింది. లోర్నాకు మాత్రం నవ్వు రాలేదు.

మార్చి మొదటి మంగళవారం. వెర్మాంట్ కొండల్లోని ఆష్బీ హాలో ఊరివాళ్ళంతా పాత బడి హాల్లో చేరి, ఈ ఏటి ఊరి ఖర్చులను ఒక్కొక్కటిగా ఓటు వేసి తేల్చుకుంటున్నారు. మిల్లు వాగు వంతెన మరమ్మతుకు సరేనన్నారు. గ్రంథాలయం కప్పుకూ సరేనన్నారు. మిగిలింది ఏడో అంశం, తొమ్మిది లక్షల డాలర్లతో కొత్త ఫైర్ స్టేషన్.

పాత స్టేషన్ తలుపు పొట్టిది. పెద్ద ఇంజన్ అందులో పట్టక, లోర్నా వాళ్ళ గడ్డికొట్టంలో పడి ఉంటోంది. లోర్నా మొగుడు డ్వైట్ ఊరి ఫైర్ దళానికి పెద్ద. అందులో ఎవరికీ జీతం లేదు. పిలుపొస్తే పాలు పితికేవాడూ, బడిపంతులూ, మెకానిక్కూ చేతిలో పని వదిలేసి పరుగెత్తాల్సిందే. జనవరిలో చలికి ఇంజన్ పంపులో నీళ్ళు గడ్డకట్టి, ఇల్లు కాలిపోయి ఒక కుటుంబం కట్టుబట్టలతో రోడ్డున పడింది. అప్పట్నుంచీ లోర్నా మంచులో గడప గడపకీ తిరిగింది. హెస్టర్ గడప మాత్రం తొక్కలేదు. ఆరేళ్ళుగా ఈ అంశం ఓడిపోతోందంటే అదంతా ఆవిడ నోటి చలవే.

లోర్నా మనసులో తలలు లెక్కపెట్టుకుంది. దళంలోని పదిహేను మందినీ కలుపుకుంటే ఈసారి గట్టెక్కుతారు.

అప్పుడే డ్వైట్ నడుముకున్న పేజర్ కూసింది. వెంటనే మరో పద్నాలుగు కూశాయి. డ్వైట్ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

“పదండిరా,” అన్నాడు. పదిహేను కుర్చీలు ఖాళీ అయిపోయాయి.

లోర్నా లెక్క తలకిందులైంది. గుమ్మం దాకా వెళ్ళిన డ్వైట్ గిరుక్కున వెనక్కి వచ్చి, హెస్టర్ చెవి దగ్గరికి వంగి ఏదో చెప్పాడు. ఓటు ఆపమని బతిమాలుతున్నాడనుకుంది లోర్నా. ఆరేళ్ళు మోకాలడ్డిన మనిషిని బతిమాలడమేమిటని ఆమెకు ఒళ్ళు మండింది.

హెస్టర్ మొహం బిగుసుకుంది. జవాబు మాత్రం అందరికీ వినబడింది. “నువ్వు పో. ఇక్కడి సంగతి నేను చూసుకుంటా.”

“చూశావా పొగరు?” అంది లోర్నా పక్కామెతో.

వెనక వరసలోంచి బర్ట్ లాఫ్లిన్ లేచాడు. పన్ను పెరుగుతుందంటే అగ్గిమీద గుగ్గిలమయ్యే మనిషి, హెస్టర్‌కి కుడిభుజం. “అధ్యక్షా, మాటలు చాలు. ఓటు పెట్టెయ్యండి.”

“నేనింకా కూర్చోలేదు బర్ట్,” అంది హెస్టర్.

నిలబడ్డవాళ్ళు కూర్చునేదాకా మాట వాళ్ళదే. అది ఆ సభకు తాతలనాటి కట్టుబాటు. హెస్టర్ మొదలుపెట్టింది. స్టేషన్‌కి మరుగుదొడ్లు రెండెందుకు? కప్పుకు మేకులెన్ని? తలుపుకు ఎర్రరంగు వేస్తామంటున్నారు, ఏ ఎరుపు? అక్కణ్ణుంచి తన చిన్నప్పటి వరదలోకి వెళ్ళింది. ఆ వరదలో కొట్టుకుపోయిన కోళ్ళ పేర్లు కూడా చెప్పింది.

“విషయానికి రా హెస్టర్,” అన్నాడు అధ్యక్షుడు ఎల్విన్.

“దానికే వస్తున్నా. దారిలో ఉన్నా.”

బర్ట్ వెనకనుంచి కూర్చోమని సైగలు చేస్తున్నాడు. ఆమె అతని వైపు చూడనే లేదు. కిటికీలోంచి కనబడే కొండనే చూస్తూ మాట్లాడింది. కొండ మీద అక్కడక్కడా మేపుల్ చెట్ల రసంతో పాకం కాచే పొగలు లేస్తున్నాయి. బర్ట్ మనుషులు కొందరు ఆవలించి, కోట్లు తొడుక్కుని ఇళ్ళకు పోయారు. హెస్టర్ కర్రను ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంది. అయినా కూర్చోలేదు.

మొదట లోర్నా పళ్ళు నూరింది. కాసేపటికి గడియారం చూసింది. ఆ తర్వాత, దేవుడా, ఈవిడ నోరు మాత్రం మూయించకు అని మొక్కుకుంది.

గంటన్నరకి తలుపు తెరుచుకుంది. తడి బూట్లతో, మసి మొహాలతో పదిహేను మందీ లోపలికొచ్చారు.

“పక్క ఊరి దళాన్ని కాపలా పెట్టి వచ్చాం. ఓటు అయిపోయిందా?” అని పంతులు ఆయాసపడుతూ అడిగాడు.

“నా మాట అయిపోయింది,” అని హెస్టర్ కుర్చీలో కూలబడింది.

చీటీలు పాత చెక్కపెట్టెలో పడ్డాయి. ఎల్విన్ రెండుసార్లు లెక్కపెట్టి కళ్ళజోడు తీశాడు.

“అవును, డెబ్బై ఎనిమిది. కాదు, డెబ్బై ఒకటి.”

హాలు కప్పు ఎగిరిపోయినంత పనైంది. ఎవరో బయటికి పరుగెత్తి ఇంజన్ గంట వాయించారు. జనవరిలో ఇల్లు పోగొట్టుకున్నామె లోర్నాను కావలించుకుని ఏడ్చింది. లోర్నా కూడా ఏడ్చింది. ఆరేళ్ళ తర్వాత గెలిచారు మరి.

“నీ నోరే కొంప ముంచింది హెస్టర్,” అన్నాడు బర్ట్. “ముందే కూర్చుని ఉంటే మనదే గెలుపు.”

హెస్టర్ కర్ర కోసం తడుముకుంటోంది.

లోర్నా నోరు ఊరుకోలేదు. “మా గెలుపు నీ చలవే హెస్టరమ్మా. మన వేలితో మన కన్నే పొడుచుకోవడమంటే ఇదే.”

డ్వైట్ గుంపును తోసుకుంటూ వస్తున్నాడు. లోర్నా చేతులు చాచింది. అతను ఆమెను దాటుకుని వెళ్ళి, హెల్మెట్ తీసి, హెస్టర్ కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

“నీ కొట్టం పోయిందమ్మా, నీ ఇల్లు దక్కింది.”