బెరడు కింది సాక్షి

"అగ్గి వెడితె ముందు నాకు వెట్టున్రి సార్, అటెన్క దుంగలకు" అంటూ ధర్మేందర్ టేకు లోడుకు అడ్డంగా నిలబడ్డాడు.

మేడ్చల్ రోడ్డు మీది అతని కలప డిపోలో పొద్దుటి నుంచీ ఇదే రచ్చ. బర్మా నుంచి దిగిన టేకని కాగితాలున్న ఆ లోడును పురుగుల తనిఖీ అధికారి జానకిరామయ్య ఆపేశాడు. బెరడు కింద సన్నటి బూడిదరంగు పురుగులు కనిపించాయట. విదేశీ పురుగు దిగితే మన చెట్లన్నిటికీ చేటండీ, లోడంతా తగలబెట్టాల్సిందే అని ఆయన మెత్తగా చెప్పినకొద్దీ ధర్మేందర్‌కు ఒళ్లు మండిపోతోంది. నలుసంత పురుగు కోసం ఇంత కలప బుగ్గి చేస్తారా? ఈ దుంగలు పోతే రేపటి నుంచి డిపోకు తాళమే.

"గిసోంటి పురుగులు మా షామీర్‌పేటల చెట్టు చెట్టుకుంటయ్. తెలిసినోళ్లను పిలిపిస్త, తేల్చుకుందాం" అన్నాడు. అన్నంత పనీ చేశాడు. తనే జీపు పంపి, పురుగుల మీద పరిశోధన చేసే సుచిత్రను రప్పించాడు.

ఆమె దుంగ పక్కన గొంతుక్కూచుని, బెరడు లేపి, భూతద్దంతో చూసింది. చూసిందే చూస్తోంది. పెళ్లిచూపుల్లో కూడా ఇంతసేపు చూడరని ధర్మేందర్ పళ్లు కొరుక్కున్నాడు.

చివరికి ఆమె లేచింది. ఇవి బెరడు పేలు అనే పురుగులనీ, కలప జోలికి పోవనీ, బెరడు మీది బూజు తిని బతుకుతాయనీ చెప్పింది. ఈ జాతిలో పదకొండు రకాలున్నాయట. ఏ రకం ఏ నేలదో పటం గీసి పెట్టారట. ఈ రకం మాత్రం బర్మాలో లేదు, ఇంకే దేశంలోనూ లేదు. ఇంతవరకు ఒక్క షామీర్‌పేట అడవిలోనే దొరికింది.

"ఇన్నరా సార్?" ధర్మేందర్ తొడ కొట్టినంత పని చేశాడు.

జానకిరామయ్య ఇంకా నసిగాడు. ఇవి డిపోలోకి వచ్చాక పక్క చెట్ల నుంచి ఎక్కినవేమో, లోపల బర్మావి వేరే ఉన్నాయేమో అన్నాడు. ధర్మేందర్‌కు చిర్రెత్తుకొచ్చింది. మళ్లీ అదే పాట.

"మేడం, జెర జెప్పున్రి. పక్క చెట్ల మీదికెల్లి అచ్చినయా ఇవి?"

"రావు. వీటికి రెక్కల్లేవు. పుట్టిన మాను వదిలి పోవు" అంది సుచిత్ర. "ఈ దుంగల్లో ఇవి తప్ప వేరే పురుగు లేదు."

"గదిగూడ రాయున్రి. సంతకం వెట్టున్రి."

ఆమె చెప్పిందంతా రాసి సంతకం పెట్టింది. సిరా ఆరకముందే ధర్మేందర్ ఆ కాగితం లాక్కుని, జానకిరామయ్య చేతిలో కొట్టినట్టు పెట్టాడు. ఆయన రెండుసార్లు చదివి, జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"సరేనండీ, తగలబెట్టం. షామీర్‌పేట అడవిలో పుట్టిన ఈ దుంగలు బర్మా ఎప్పుడు వెళ్లొచ్చాయో, ఆ ముక్క ఫారెస్టు వాళ్లకి మీరే చెప్పండి."