ఏటి అవతలి ఊరు

"పుస్తకంలో ఆ కొట్టివేతేంటే?"

మిషన్ తొక్కడం ఆపి అడిగింది తల్లి. ఆమె టైలరు. కూతురు ఎనిమిదో తరగతి.

"ఆ వాక్యం తప్పటమ్మా. కొత్త చరిత్ర మాస్టారు చెప్పారు. నేనే కొట్టేశాను."

తల్లి పుస్తకం లాక్కుని చదివింది. 'శత్రువులు నిప్పుపెట్టిన ఏటి అవతలి ఊరిని మన సైనికులు కాపాడారు.'

"ఇందులో తప్పేముంది?"

"నిప్పు పెట్టింది మనవాళ్ళేనట. తలుపులకి బయట గొళ్ళేలు పెట్టి మరీనట."

తల్లికి ఒళ్ళు మండిపోయింది. ఆమె అన్నయ్య ఆ యుద్ధంలోనే పోయాడు.

మర్నాడు పొద్దున్నే బడికి వెళ్ళింది.

స్టాఫ్ రూములో ఒక మూల కూర్చుని అరిగిపోయిన సుద్దముక్కలు డబ్బాలో వేసుకుంటున్నారు మాస్టారు. అరవై దాటిన మనిషి. ఆర్నెల్లకని తాత్కాలికంగా పెట్టుకున్నారు. ముందూ వెనకా ఎవరికీ తెలీదు.

"మనవాళ్ళు ఇళ్ళు తగలబెట్టారని చెబుతారా పిల్లలకి?"

"కూర్చోండమ్మా."

"కూర్చోడానికి రాలేదు. మీరు చెప్పింది ఏ పుస్తకంలో ఉంది?"

"ఏ పుస్తకంలోనూ లేదు."

"మరి మీకెవరు చెప్పారు?"

ఆయన సుద్దముక్కల డబ్బాకి మూత బిగించారు.

"మా అన్నయ్య ప్రాణం పోగొట్టుకున్నాడు. ఇంట్లో కాళ్ళు చాపుకుని పేపరు చదివేవాళ్ళకి ఏం తెలుస్తుంది యుద్ధమంటే!"

"మీ అన్నయ్యని నేనేమీ అనలేదమ్మా," అన్నారు మెల్లగా. "పిల్లల ముందు నిలబడి అబద్ధం చెప్పలేను. అంతే."

ఫిర్యాదు కాగితం మీద మొదటి సంతకం ఆమెదే. సాయంత్రానికి నలభై అయ్యాయి.

"పైనుంచి ఫోన్లు వస్తున్నాయి మాస్టారూ," హెడ్మాస్టరు బతిమాలాడు. "ఆ ఒక్క వాక్యం పైకి చదివి వదిలేయండి. మీ ఉద్యోగం మీకుంటుంది."

మాస్టారు తల అడ్డంగా ఊపి, గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు.

ఇంటి దగ్గర తల్లి రబ్బరుతో పెన్సిల్ గీత చెరిపేసింది. కూతురు రెండ్రోజులు ఆమెతో మాట్లాడలేదు.

వానలు పట్టాక, వెనకవీధి మేడమీద గదిలో మాస్టారు దగ్గుతో మంచాన పడ్డారు. చూసొస్తానని కూతురు ఏడిస్తే తల్లి గుమ్మం దాటనివ్వలేదు. ఆయన పోయారని తెలిసిన రోజు మాత్రం, ఎందుకో, మిషన్ ముందు కూర్చోలేకపోయింది.

పది రోజుల తర్వాత ఆమె టైలరింగ్ షాపు ముందు జీపు ఆగింది. ఫైలు పట్టుకుని ఓ ఆఫీసరు దిగాడు.

"పాఠ్యపుస్తకాల ఆఫీసు నుంచి వచ్చానమ్మా. చరిత్ర మాస్టారి గది ఎక్కడ?"

"ఆయన పోయారండీ."

"అయ్యో! మరి బంధువులెవరైనా..."

"ఎవరూ లేరు. ఆయనతో మీకేం పని?"

ఆఫీసరు ఫైలు తెరిచి, సైనిక దుస్తుల్లో ఉన్న ఓ కుర్రాడి ఫొటో చూపించాడు.

"ఏటి అవతలి ఊళ్ళోకి మొట్టమొదట అడుగుపెట్టిన సిపాయి ఆయనేనమ్మా, వచ్చే ఏడు పాఠంలో ఈ ఫొటో వేస్తున్నాం, కింద రాయడానికి ఆయన గురించి రెండు మంచి ముక్కలు మీరేమైనా చెప్పగలరా?"