నల్ల తల కూతురు

ఎండుగడ్డి మైదానంలో రంగుపిట్టల గుంపొకటి ఉండేది. వాటిలో కెంపమ్మకీ, ఆమె మొగుడు మంకెనకీ తలలు ఎర్రన. వాళ్ల కూతురికి మాత్రం బూడిదరంగు పిల్ల ఈకలు రాలి కొత్తవి వచ్చేసరికి తల నల్లగా తేలింది.

"ఎర్ర తలలకి నల్ల పిల్లా?" అని పిట్టలు గుసగుసలాడాయి. మంకెన ముఖం తిప్పుకుని కొమ్మ చివరకి జరిగాడు.

కెంపమ్మ అతని వెనకే జరిగింది. గట్టిగానే అడిగింది: "ఏమయ్యా, నన్ను అనుమానిస్తున్నావా?"

ఆ మాటకి పిల్ల బిక్కమొహం వేసుకుని తొర్రలోకి పోబోయింది. మంకెన దాని తల వంక చూసి ఉలిక్కిపడ్డాడు.

"ఆగు తల్లీ! మా అమ్మదీ ఇదే నలుపు. నా చిన్నప్పుడే పోయింది, మరిచేపోయాను."

"నాతో కాదు, వాళ్లతో చెప్పు," అంది కెంపమ్మ.

మంకెన చిటారు కొమ్మకెగిరి, గుంపంతా వినేలా చెప్పాడు.