ఒక్క ట్యాంకరు నీళ్ళు

“ఇవేం నీళ్ళమ్మా, ఇంత కంపు?” అన్నాడు డెక్లన్ ముక్కు మూసుకుని.

“నిన్నటిదాకా ఆవుల పేడనీళ్ళు మోసిన ట్యాంకరు. పన్నీరు వాసన వస్తుందా మరి? మంటకి ముక్కుండదులే నాయనా,” అంది ఎనిడ్ ట్రాక్టరు దిగకుండానే.

డెక్లన్ మంటలార్పే దళం ఆఫీసరు. యార్క్‌షైర్ బీడుకొండ అంటుకుని అది మూడో రోజు. ఉన్నవాళ్ళు అలిసిపోవడంతో అతన్నీ అతని మనుషులు ఆరుగురినీ ఆ ఉదయమే పక్క జిల్లా నుంచి పంపారు. ఈ కొండమీద వాళ్ళకి రాయీ తెలియదు, రప్పా తెలియదు. సాయానికొచ్చిన రైతుల్లో ఎనిడ్ ఒకతె. అరవై ఏడేళ్ళ మనిషి, అప్పటికి తొమ్మిదిసార్లు రిజర్వాయరుకి వెళ్ళి నీళ్ళు తెచ్చింది. కుర్రాళ్ళు ‘ట్యాంకరమ్మ’ అంటున్నారు. పేరు అడిగే తీరిక ఎవరికుంది?

మధ్యాహ్నం రెండింటికి గాలి తిరిగింది. మంట రెండు పాయలైంది. ఒకటి పైకి, వాలు మీద ఒంటరిగా ఉన్న రాతి ఇంటివైపు. రెండోది కిందికి, పైన్ తోటవైపు. పొగలో హెలికాప్టరు ఎగరలేకపోతోంది. ఫైరింజన్లు ఈ గతుకుల నేల ఎక్కలేవు. ఉన్నది ఈ ట్యాంకరు ఒక్కటే. మళ్ళీ నింపుకు రావాలంటే నలభై నిమిషాలు. మంట రావడానికి పదిహేను కూడా పట్టదు.

“పై ఇంటికి పోనివ్వండి,” అన్నాడు డెక్లన్. “తోట ముందు వాగుంది. మంట అక్కడ ఆగిపోతుంది.”

“వాగు నీ మ్యాపులో ఉంది. నేలమీద ఎండిపోయి మూడు వారాలైంది. తోట అంటుకుంటే దాని వెనకే ఊరు. నడవలేని ముసలాళ్ళని ఇంకా బస్సెక్కిస్తూనే ఉన్నారు.”

“ఆ ఇంట్లో మనుషులుంటే?”

“ఉండేది ఒక్కత్తే. పొద్దున్నే బయటికొచ్చేసింది. నాకు తెలుసు.”

“మనిషి లేకపోతే మాత్రం? ఒకరి ఇల్లమ్మా అది. తగలబడిపొమ్మని వదిలేస్తామా?”

“చేసుకున్నమ్మకి చేసుకున్నంత,” అంది ఎనిడ్. “ఇంటి చుట్టూ హెదర్ పొదలు ఒక పట్టీ మేర ముందే కాల్చేస్తే, ఎండాకాలం మంట అక్కడితో ఆగుతుంది. ఏటా చేసే పనే. మార్చిలో కొండ కాపలాదారు వచ్చి అడిగితే, పిట్టలు గూళ్ళు కడుతున్నాయి, ఈ ఏడు వద్దు పొమ్మంది ఆ మహాతల్లి. ఇప్పుడు పొదలు నడుమెత్తు పెరిగి గోడకి ఆనుకునున్నాయి.”

డెక్లన్ ఆమె మొహంలోకి చూశాడు. గొర్రె కంచె దాటిందని మూడు తరాలు మాటల్లేని కుటుంబాలు అతనికి తెలుసు.

“ఆవిడంటే మీకు పడదా?”

“ఒట్టి మొండిఘటం. మొగుడు పోయి ఇరవై ఏళ్ళయినా అతని కోటు ఇంకా తలుపు వెనకే తగిలించుకుంది. ఎవరైనా చెబితే వింటుందా?”

డెక్లన్‌కి అసహ్యం వేసింది. దానికన్నా భయం ఎక్కువ వేసింది. ఈమె నిజం చెబుతోందో, పాత కక్ష తీర్చుకుంటోందో తేల్చుకునే వ్యవధి లేదు. వాకీటాకీలో ఊళ్ళో ఉన్న దళం వాళ్ళని అడిగాడు.

“బస్సు కదిలిందా?”

“ఇంకా పద్దెనిమిది మంది ఉన్నారు సార్.”

అతను ట్రాక్టరు మెట్టెక్కి నిలబడ్డాడు. “తోటకే పదండి. ఆ వాగులో నీళ్ళు కనబడ్డాయంటే మాత్రం మిమ్మల్ని ఊరికే వదలను.”

వాగులో రాళ్ళు తప్ప ఏమీ లేవు. ఎనిడ్ ట్రాక్టరుని తోట అంచునే నడిపింది, వెనక నుంచి పేడకంపు నీళ్ళు ఎగజిమ్మాయి. మంట వాగు దాటి వచ్చి తడినేల మీద బుస్సుమంది. రబ్బరు చీపుళ్ళతో ఆరుగురూ దాన్ని బాదారు. ఒక కుర్రాడి కనుబొమలు కమిలిపోయాయి. రెండుసార్లు చల్లారినట్టే చల్లారి మళ్ళీ లేచింది. మూడోసారి ట్యాంకరులో ఆఖరి నీళ్ళు అయిపోతుండగా, ఒక పైన్ చెట్టు మొదలుని నల్లగా మసిబార్చి మంట ఆగిపోయింది. కాసేపటికి వాకీటాకీలో బస్సు బయల్దేరిందన్నారు. కుర్రాళ్ళు ఉన్నచోటే కూలబడ్డారు.

అంతసేపటిలో ఎనిడ్ ఒక్కసారి కూడా తల తిప్పి పైకి చూడలేదు. రాతిగుండె, అనుకున్నాడు డెక్లన్.

వాకీటాకీ మళ్ళీ గరగరలాడింది. అతను విని, కట్టేసి, ట్రాక్టరు దగ్గరికి వచ్చాడు. ఎనిడ్ పైపు చుడుతోంది.

“మీరన్నదే నిజమైంది, ఊరు దక్కింది,” అన్నాడు. “కానీ పై ఇంటి కప్పు కూలిపోయిందట. ఒక్క పుల్ల మిగల్లేదట.”

ఆమె చేతులు ఆగాయి. మళ్ళీ పైపు చుట్టడం మొదలుపెట్టింది.

“మీకు ఆవిడంటే గిట్టకపోవచ్చు. ఇల్లు వదిలేద్దామని తేల్చింది నేను, కాబట్టి ఆవిడకి నేనే స్వయంగా చెప్పాలి. ఎక్కడ దొరుకుతుందో కనీసం అదైనా చెప్పండి.”

“ఆవిడకి ఇప్పుడే చెప్పావు కదా, నాయనా.”